వ్యాపార పత్రములు: అచ్చు పొందిక

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము గ్రంథము కాదు. గ్రంథము చేరని యింటికి సైతము చేరుచున్న చిన్న అచ్చు కాగితము. దుకాణపు బిల్లు, సొమ్ము ముట్టినట్లు ఇచ్చు రసీదు, ధరల పట్టిక, కరపత్రము, సంఘము పేరు తలపై నుండు ఉత్తరపు కాగితము మున్నగునవి ఈ కోవలోనివి. ఇవి లేని యిల్లు తెలుగునాట లేదనవచ్చును. కొన్ని యిండ్లలో ఇవి ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకము మడతలలో నుండును. కొన్ని యిండ్లలో గోడకు వ్రేలాడు ఇనుపతీగెకు గ్రుచ్చియుండును.

ఇట్టి కాగితమును చదువరి కంటికి అనువుగా కూర్చుట ఒక విద్య. అక్షరముల ఎంపిక, వాని పరిమాణము, పంక్తుల ఎడము, ఖాళీ స్థలము, గీతలు, రంగు, కాగితపు కొలత అను వీని నన్నిటిని ఒక ప్రయోజనమునకు కట్టుబడి అమర్చుటయే ఆ విద్య. దీనిని గ్రాఫిక్ డిజైన్ అనియు, అందు అక్షరములకు సంబంధించిన భాగమును టైపోగ్రఫీ అనియు వ్యవహరింతురు. పేర్లు క్రొత్తవిగా తోచినను పని పాతదే. పూర్వము అచ్చుకూటములో కంపోజిటరు కేసుల ముందు నిలువబడి చేసినది ఈ పనియే. నేడు డి.టి.పి. కేంద్రమున కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు చేయునదియు ఈ పనియే.

దీనివలన గ్రామమునకు కలుగు లాభనష్టములు ఎట్టివో తెలియుటకు ఒక రైతును తలచుకొనుడు. అతడు తొలకరికి ముందు పట్టణమునకు పోయి రెండు సంచుల విత్తనములు కొనెను. దుకాణమువారు బిల్లు వ్రాసి యిచ్చిరి. దానిని నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని యింటికి వచ్చెను. విత్తిన పిదప మొలక సరిగా రాలేదు. ఇరుగుపొరుగు పొలములలో పైరు లేచినది. అతని చేను మాత్రము బోసిగా నున్నది. వ్యవసాయాధికారి వచ్చి మూడు ప్రశ్నలు అడిగెను. రకమేది? లాటు నంబరు ఎంత? కొన్న తేదీ యేది? రైతు బిల్లు తీసి చూపెను. అందు పైసగము దుకాణము పేరునకే సరిపోయినది. ఆ పేరు నీడలు దీర్చిన అక్షరములతో విల్లువలె వంగియున్నది. దానికి ఇరుప్రక్కల దేవతా చిత్రములు. క్రింద నాలుగు ఫోను నంబర్లు. అటుపిమ్మట ‘మా వద్ద లభించును’ అను మకుటముతో పురుగుమందులు మొదలు పైపుల వరకు సరుకుల జాబితా. సరుకు వివరము వ్రాయుటకు మిగిలిన గడి అంగుళము వెడల్పు. అందు ‘విత్తనాలు, 2’ అని మాత్రము ఉన్నది. లాటు నంబరునకు గడియే లేదు. ఆ నంబరు గల సంచులు వానకు తడిసి ఎప్పుడో చెత్తలో కలిసిపోయినవి.

ఆ గుమాస్తా మోసగాడు కాడు. కాగితము అడుగలేదు; అతడు వ్రాయలేదు. విత్తనములు అమ్ము ప్రతి డీలరును కొన్నవానికి రొక్కపు బిల్లు గాని అరువు బిల్లు గాని ఇచ్చి తీరవలెనని 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు విధించినది. చట్టము కాగితమును ఇప్పించగలదు. ఆ కాగితము ఆపత్కాలమున పనికివచ్చునట్లు చేయుట దానిని కూర్చి అచ్చువేయువాని చేతిలోనున్నది. ఒక గడి లోపమువలన ఒక కుటుంబమునకు న్యాయము అందకపోవచ్చును. కావుననే ఈ విద్యను అలంకారవిద్యగా భావించి త్రోసివేయరాదు.

గ్రంథాలయములతో పరిచయము గలవారికి దీని మూలసూత్రము కొత్తది కాదు. రంగనాథన్ మహాశయుడు 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో నాల్గవది చదువరి కాలమును ఆదా చేయవలెనని చెప్పును. పుస్తకపు వీపుపై అంటించిన సంఖ్యయు, అట్టలోపలి గడువు తేదీ చీటియు ఆ సూత్రమునకు ఉదాహరణములు. గడువు చీటిని ఒక్కసారి పరికించి చూడుడు. దానిపై పూవులు లేవు, లతలు లేవు. తేదీలు ఒకదాని క్రింద నొకటి పడుచుండును. కడపటి తేదీయే నేటి గడువు. చూపు తడబడక నేరుగా అచటికే పోవును. మంచి వ్యాపార పత్రమునకు ఇంతకంటె మేలైన గురువు అక్కరలేదు.

ఇక ఈ విద్య నడచివచ్చిన త్రోవను కొంచెము చూడవలెను. సీసపు అక్షరముల కాలమున కంపోజిటరునకు స్వేచ్ఛ తక్కువ. కేసులలో ఏ పరిమాణపు అక్షరములున్నవో వానితోనే పని గడుపుకొనవలెను. అచ్చున ఖాళీగా కనబడవలసిన చోటున సైతము సీసపు ముక్కను పొదుగవలెను. తెలుగునకు గుణింతములు, ఒత్తులు కలిపి కావలసిన అచ్చుముక్కలు అనేకములగుటచే ప్రతి పరిమాణమునను పూర్తి జత సంపాదించుట చిన్న ముద్రాపకునికి మోయరాని భారము. ఆ కొరతయే ఒక క్రమశిక్షణ అయ్యెను. రెండు మూడు పరిమాణములతో, ఒక రంగు సిరాతో, నాలుగు గీతలతో పని ముగించిన పాత రసీదు పుస్తకములు నేటికిని చదువుటకు హాయిగా నుండుటకు కారణమిదియే.

1985లో పేజ్‌మేకర్ అను సాఫ్ట్‌వేరు వెలువడిన పిదప పుటను తెరపై కూర్చు పద్ధతి లోకమంతట వ్యాపించెను. వందల రకముల అక్షరములు, లెక్కలేనన్ని రంగులు, ఏ అక్షరమునైనను సాగదీయు సౌకర్యము చేతికి వచ్చినవి. హద్దు తొలగినది. పూర్వము సీసము విధించిన హద్దును ఇప్పుడు కూర్చువాడు తనకు తానే విధించుకొనవలెను. దానికి వివేకము కావలెను. వివేకమునకు అభ్యాసము కావలెను.

ఆ వివేకమును గ్రంథస్థము చేసినవారిలో యాన్ చిహోల్ట్ ముఖ్యుడు. ఆయన 1902లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున జన్మించెను. ఆయన తండ్రి దుకాణములకు పేరుపలకలు వ్రాయువాడు. 1928లో ‘నూతన టైపోగ్రఫీ’ అను అర్థముగల పేరుతో ఆయన ప్రకటించిన గ్రంథము ఉత్తరపు కాగితము, కవరు, పేరుకార్డు, ప్రకటన పత్రము మున్నగు నిత్యవ్యవహారపు అచ్చుపనికి గౌరవ స్థానమిచ్చినది. అన్నిటిని అలవాటుచొప్పున నడుమకు చేర్చక, విషయముల ప్రాముఖ్యమును అనుసరించి పుటపై స్థానము నిర్ణయింపవలెనని ఆయన బోధించెను. 1933లో నాజీ ప్రభుత్వము ఆయనను నిర్బంధించినది. విడుదలయైన పిదప ఆయన స్విట్జర్లాండునకు తరలిపోయెను. 1947 మొదలు 1949 వరకు ఇంగ్లాండులో పెంగ్విన్ సంస్థవారి చౌక పుస్తకముల అచ్చును సంస్కరించి, కంపోజిటర్లకు నియమావళి వ్రాసి యిచ్చెను. యౌవనమున తాను నిరసించిన నడిమి పొందికను పిదప పుస్తకములందు తానే ఆదరించెను. ఇందు చంచలత్వము లేదు. నియమము చదువరికొరకు ఏర్పడినదను ఎరుక మాత్రమే కలదు.

ఆ కాలమునందే, 1930లో, బియాట్రిస్ వార్డ్ అను విదుషీమణి లండనులో చేసిన ప్రసంగమున మంచి అచ్చును స్ఫటికపు గిన్నెతో పోల్చెను. గిన్నె ఎంత నిర్మలముగా నుండునో లోని ద్రవము అంత చక్కగా కనబడునని ఆమె భావము. రైతు చేతిలోని బిల్లునకు ఈ ఉపమానము సరిగా అన్వయించును. అతనికి కావలసినది లాటు నంబరు. దుకాణము పేరునకు దీర్చిన నీడలు కావు.

ఇప్పుడు అభ్యాస క్రమమును చూతురు గాక. నేర్చుకొనువాడు మొదట పట్టవలసినది కంప్యూటరు కాదు. పెన్సిలు, కొలబద్ద, కొన్ని పాత బిల్లులు.

మొదటి మెట్టు ప్రశ్నించుట. ఈ కాగితమును ఎవరు చదువుదురు? ఎచ్చట చదువుదురు? గల్లాపెట్టె ముందు త్రొక్కిసలాటలోనా, దీపపు వెలుతురున అద్దములు పెట్టుకొనియా? దీనిని ఎన్నాళ్లు దాచుకొందురు? చదివిన పిదప ఏమి చేయవలెను? దీనిపై చేతితో వ్రాయువాడు కలడా? వ్రాయువాడు ఉన్నచో వాని చేతికి ఎంత చోటు కావలెను? బిల్లునకు చదువరులు ఇద్దరు, వ్రాయువాడు ఒకడు. ముగ్గురి అవసరములను తెలిసికొనకుండ గీత గీయుట, కొలత తీయకుండ గుడ్డ కత్తిరించుటయే యగును.

రెండవ మెట్టు వరుస నిర్ణయించుట. పత్రమునందు ఉండవలసిన ప్రతి విషయమును ఒక్కొక్క చీటిపై వ్రాసి బల్లపై పరచవలెను. ఒకదానితో ఒకటి సంబంధించినవానిని ఒక గుంపుగా చేర్చవలెను. అమ్మినవాని వివరములు ఒక గుంపు. కొన్నవాని వివరములు ఒక గుంపు. సరుకు ఒక గుంపు. మొత్తము, సంతకము మరియొక గుంపు. గుంపులోనివాని నడుమ ఎడము తక్కువగను, గుంపునకు గుంపునకు నడుమ ఎక్కువగను ఉన్నచో గీత గీయకుండగనే కన్ను వేరుచేసికొనును. పిదప ప్రాముఖ్యమును బట్టి మూడు అంతస్తులు ఏర్పరుపవలెను. మూడింటికి మించినచో చూపు చెదరును. ప్రతి విషయమును తాను పెద్ద అక్షరములలోనే ఉండవలెనని సొంతదారు పట్టుబట్టవచ్చును. అందరు అందలమెక్కిన మోయువారెవరను సామెతను అప్పుడు వినయముగా జ్ఞప్తికి తేవలెను.

మూడవ మెట్టు కాగితపు కొలత. అచ్చుకూటములలో డెమ్మీ, క్రౌను అను పాత పేర్లు ఇంకను వినబడుచున్నను, కార్యాలయముల యందు ఎక్కువగా వాడుకలోనున్నది ఏ-4. దాని కొలత 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. జర్మనీలో 1922లో ఏర్పడిన ఈ కొలతల కుటుంబమున ఒక విశేషము కలదు. పొడవును సగమునకు మడచినచో వచ్చు ఏ-5 కాగితమునకును అదే నిష్పత్తి యుండును. ఏ-0 అను పెద్ద తావు వైశాల్యము ఒక చదరపు మీటరు. అందుండి పదునారు ఏ-4 కాగితములు వచ్చును. కావున 80 జి.ఎస్.ఎం. కాగితమనగా చదరపు మీటరునకు 80 గ్రాములు తూగునది. అందలి ఒక్క ఏ-4 కాగితము 5 గ్రాములు తూగును. తపాలా ఖర్చును, కాగితపు కొనుగోలును లెక్కించుటకు ఈ చిన్న గణితము ఎంతయో తోడ్పడును.

నాల్గవ మెట్టు అక్షరము. కంప్యూటరుపై అక్షర పరిమాణమును పాయింట్లలో కొలుతురు. అంగుళమునకు 72 పాయింట్లు. ఇచ్చట తెలుగువాడు ఇంగ్లీషు పాఠ్యపుస్తకములను గ్రుడ్డిగా అనుసరింపరాదు. తెలుగు అక్షరమునకు పైన తలకట్టు, గుడి కలవు. క్రింద ఒత్తులు వ్రేలాడును. ‘స్త్రీ’ అను ఒక్క మాటను వ్రాసి చూచినచో ఎంత నిలువు చోటు కావలెనో తెలియును. ఇంగ్లీషునకు సరిపోవు పంక్తుల ఎడము తెలుగునకు చాలదు. పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. 12 పాయింట్ల తెలుగు అక్షరమునకు పంక్తికి పంక్తికి 18 పాయింట్ల దూరముంచి మొదలుపెట్టి, అచ్చుతీసి చూచి సవరించుకొనుట మేలు. ద, ధ, థ అను అక్షరముల భేదము ఒక చుక్కయో, ఒక చిన్న గీటో మాత్రమే. అక్షరము మరీ చిన్నదైనను, మరీ బొద్దుగా నున్నను, సిరా నిండి ఆ భేదము మాసిపోవును. మనుష్యుల పేర్లలోను ఊళ్ల పేర్లలోను ఇది తగవులకు దారితీయవచ్చును.

తెలుగునకు పెద్దబడి, చిన్నబడి అక్షరములు లేవు. కావున ప్రాధాన్యము చూపుటకు పరిమాణమును గాని బొద్దుతనమును గాని వాడవలెను. రెండింటిని ఒకేసారి వాడనక్కరలేదు. అక్షరములను యంత్రముచే ప్రక్కకు వంచుట, అడ్డముగా సాగదీయుట వాని సహజ రూపమును చెరచును. సంధులతో తెలుగు మాటలు దీర్ఘములగుటచే ఇరుకైన గడిలో రెండంచులు సమము చేయబోయినచో మాటల నడుమ గోతులు పడును. ఎడమ అంచు సమముగా నుంచి కుడి అంచును దాని దారిన విడిచిపెట్టుట అట్టి చోట్ల సుఖము. ఒక పత్రమునకు ఒక అక్షరజాతి, మిక్కిలి అవసరమైనచో రెండు, అంతకు మించరాదు.

ఐదవ మెట్టు అంకెలు. వ్యాపార పత్రమునకు ప్రాణము అంకెలలో నున్నది. ఒకట్ల క్రింద ఒకట్లు, పదుల క్రింద పదులు, వందల క్రింద వందలు పడవలెను. అనగా అంకెల వరుస కుడి అంచునకు ఆనవలెను. 940, 1,125, 75 అను మూడు మొత్తములను ఎడమ అంచునకు చేర్చి వ్రాసి కూడుమనినచో చదువుకున్నవాడును తడబడును. కుడి అంచునకు చేర్చినచో బడిపిల్లవాడు సైతము 2,140 అని చెప్పును. పైసలు వ్రాయు చోట బిందువుల క్రింద బిందువులు ఉండవలెను. లక్షకు 1,00,000 అని ఈ దేశపు పద్ధతిలో కామాలు పెట్టవలెను. మొత్తమును అక్షరములలో వ్రాయుటకు ఒక పంక్తి తప్పక ఉండవలెను; ఒక అంకెను చేర్చియో దిద్దియో సొమ్ము మార్చుటకు అది అడ్డుకట్ట.

ఆరవ మెట్టు గీతలు, రంగులు. ప్రతి గడిచుట్టును లావుగీత గీసినచో కాగితము జైలు కిటికీవలె కనబడును. పలుచని అడ్డుగీతలు చాలును. మొత్తమునకు పైన మాత్రము కొంచెము లావుగీత. చేతితో వ్రాయు వరుసకు 8 మిల్లీమీటర్ల ఎత్తు ఇయ్యవలెను. రంగు విషయమున తెరపై కనబడునది వెలుతురు, కాగితముపై పడునది సిరా. రెండును ఒకటి కావు. తెరపై మెరయు పచ్చదనము అచ్చులో మందగించును. ముదురు రంగు నేలపై తెల్లని చిన్న అక్షరములు అచ్చువేసినచో సిరా అలుముకొని అవి పూడిపోవును. చందాదారులకు నకలు తీసి పంపవలసిన కాగితమైనచో అది నలుపు తెలుపులలో కూడ చదువుటకు వీలుగా నున్నదా అని ముందే చూచుకొనవలెను.

ఏడవ మెట్టు ప్రూఫు. ప్రూఫును తెరపై చూచుట చూచుట కాదు. కాగితముపై అసలు పరిమాణములో తీసి చూడవలెను. పిదప కూర్చినవాడు కాక మరియొకడు చదువవలెను. ఫోను నంబరును ఒకరు చదువుచుండగా మరియొకరు ఆ నంబరును నొక్కి చూచుట ఉత్తమము. వేయి ప్రతులు వెలువడిన పిదప దొరకిన ఒక్క తప్పు వేయి తప్పులగును.

ఈ మెట్లన్నియు ఎక్కి, మొదట చెప్పిన విత్తన దుకాణపు బిల్లును తిరిగి కూర్చి చూడవచ్చును. ఏ-5 కాగితము 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు. కుట్టుకొరకు ఎడమ అంచున 15, కుడి అంచున 8 విడిచినచో 125 మిల్లీమీటర్లు మిగులును. అందు వరుస సంఖ్యకు 8, సరుకు పేరు, రకములకు 47, లాటు నంబరునకు 25, సంచుల లెక్కకు 12, ధరకు 15, మొత్తమునకు 18. ఇవి కూడిన 125. నిలువున పైన 10, క్రింద 10 విడిచినచో 190 మిగులును. దుకాణము పేరు, చిరునామాలకు 30; బిల్లు సంఖ్య, తేదీ, కొన్నవాని పేరు, ఊరులకు 24; పట్టిక తలకు 8; ఎనిమిదేసి మిల్లీమీటర్ల వరుసలు పదింటికి 80; మొత్తమునకు, అక్షరముల పంక్తికి 16; సంతకమునకు, కొన్నవానికి చేయు సూచనకు 32. ఇవి కూడిన 190. ‘పంట చేతికి వచ్చువరకు ఈ బిల్లును, సంచి చీటిని భద్రపరచుకొనవలెను’ అను సూచనను ఆ అడుగుభాగమున అచ్చువేయవచ్చును. దుకాణము పేరు చెడలేదు. ముప్పది మిల్లీమీటర్లలో మర్యాదగా నిలిచినది. లాటు నంబరునకు గడి వచ్చినది. గడి ఖాళీగా నున్నచో కొన్నవాడే ‘ఇచ్చట ఏమి వ్రాయవలెను?’ అని అడుగును. ఒక గడి ఇద్దరికిని బాధ్యతను గుర్తుచేయును.

పన్ను విధింపబడు సరుకుల బిల్లునకు మరికొన్ని నియమములు కలవు. 2017 జులై 1వ తేదీన జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినప్పటి నుండి, అమ్మినవాని పేరు, చిరునామా, పదునైదు అక్షరాంకెల జి.ఎస్.టి. సంఖ్య, పదునారింటికి మించని వరుస సంఖ్య, తేదీ, సరుకు వివరము, పరిమాణము, పన్ను రేటు, పన్ను మొత్తము, సంతకము మున్నగునవి బిల్లున ఉండవలెనని నిబంధన. జి.ఎస్.టి. సంఖ్యలో మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును. తెలంగాణమునకు 36, ఆంధ్రప్రదేశ్‌నకు 37. ఇన్ని వివరములు చేరినపుడే పొందిక విలువ తెలియును. చట్టము అడిగినవానిని ఒక గుంపుగను, కొన్నవాడు చూడగోరువానిని మరియొక గుంపుగను అమర్చినచో ఇద్దరికిని తృప్తి.

తక్కిన పత్రములను గూర్చి కొలది మాటలు చాలును. ఉత్తరపు కాగితమున వ్రాయబోవు ఉత్తరమే ముఖ్యము; తలభాగము చోటంతయు ఆక్రమింపరాదు. కరపత్రమును చేతికందుకొన్నవాడు నడచుచునే చదువును; ఏమి, ఎప్పుడు, ఎచ్చట, ఎంత అను నాలుగు సంగతులు మొదటి చూపునకే అందవలెను. సొమ్ము చెల్లించుటకు ముద్రించు క్యూ.ఆర్. గుర్తు చుట్టును, దానియందలి చిన్న చదరమునకు నాలుగింతల వెడల్పున ఖాళీ అంచు విడువవలెను. లేనిచో ఫోను దానిని పట్టుకొనజాలకపోవచ్చును. వేడితో అచ్చగు యంత్రపు రసీదులు ఎండకును వేడికిని వెలిసిపోవును. దాచుకొనవలసినవానికి వెంటనే నకలు తీయించుకొనుట వివేకము.

ఈ విద్యకు మరియొక ముఖము కలదు. పొందిక మేలుకు ఉపయోగపడినట్లే కీడుకును ఉపయోగపడును. తగ్గింపు ధరను అరచేయంత అక్షరములలోను, షరతును ఆవగింజంత అక్షరములలోను అచ్చువేయవచ్చును. వాయిదా మొత్తమును పైన మెరయించి వడ్డీ రేటును మడతలో దాచవచ్చును. అప్పుపత్రముపై సంతకము చేయువాడు పెద్ద అక్షరములనే చూచి వ్రేలు పెట్టునని కొందరికి తెలియును. కావున ఈ విద్య అచ్చువేయువారికి మాత్రమే కాక చదువువారికిని అవసరము. కాగితము చేతికి వచ్చినపుడు పెద్ద అక్షరములు ఏమి చెప్పుచున్నవో చూచిన పిదప, చిన్న అక్షరములు ఏమి చెప్పుచున్నవో అంతకంటె శ్రద్ధగా చూడవలెను. కూర్చువాడు సైతము సొంతదారు అడిగెనని షరతును దాచరాదు. ఆ కాగితము రేపు తన తల్లి చేతికే రావచ్చును.

నేర్చుకొనుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పుటలు కూర్చుటకు స్క్రైబస్, బొమ్మలు గీయుటకు ఇంక్‌స్కేప్, ఉత్తరములు, పట్టికలు తయారుచేయుటకు లిబ్రె ఆఫీస్ ఉచితముగా లభించును. సూరన్న, మండలి, గిడుగు మున్నగు పేర్లతో తెలుగు ఖతులును ఉచితముగా కలవు. 1991లో వెలువడిన యూనికోడు తొలి రూపమునుండియే అందు తెలుగునకు స్థానము కలదు. యూనికోడు రాక పూర్వపు పద్ధతిలో టైపుచేసిన పాఠము ఆ ఖతి లేని కంప్యూటరుపై అర్థములేని గుర్తులుగా మారును. క్రొత్తగా నేర్చుకొనువారు యూనికోడుతోనే మొదలుపెట్టినచో తమ శ్రమ పదికాలములు నిలుచును.

గ్రంథాలయము ఇందు చేయదగిన సాయము కలదు. పాత రసీదులు, బిల్లులు, కరపత్రములు సేకరించి, సొంతదారుల వివరములు కనబడకుండ చేసి, ఒక పుస్తకమున అంటించి పఠనమందిరమున ఉంచవచ్చును. వారమునకొక సాయంకాలము పదిమంది కూర్చుండి ఒక బిల్లును పరీక్షింపవచ్చును. పరీక్ష సులభము. ఆ కాగితమును ముందెన్నడు చూడని ముగ్గురిని పిలువవలెను. ఒకరు బడిపిల్లవాడు, ఒకరు రైతు, ఒకరు అద్దములు పెట్టుకొను వృద్ధురాలు. తేదీ ఎచ్చట, మొత్తమెంత, ఎవరు అమ్మిరి, ఏమి కొనిరి, సందేహమున్నచో ఎవరిని అడుగవలెను అను అయిదు ప్రశ్నలు వేసి, ప్రతి జవాబునకు ఎన్ని క్షణములు పట్టినదో వ్రాసికొనవలెను. పిదప దానిని తిరిగి కూర్చి, మరి ముగ్గురికి చూపి, మరల లెక్కింపవలెను. ఎక్కువ క్షణములు పట్టిన చోటనే దోషమున్నది. దానిని ఏ ఉపాధ్యాయుడు చెప్పకయే కూర్చినవాడు తెలిసికొనును. ఇట్లు ఏడాది సాధన చేసిన యువతీయువకులకు మండల కేంద్రములోని అచ్చుపని కొంత చేతికందక మానదు. ఊరి పాలసంఘమునకును, స్వయంసహాయక సంఘములకును చక్కని రసీదు పుస్తకములు ఊరిలోనే తయారగును.

అభ్యాసమును ఈ గ్రంథాలయమునుండియే ప్రారంభింపవచ్చును. చందా కట్టినవారికి ఇచ్చు రసీదును తీసికొని చూడుడు. సభ్యుని పేరు వ్రాయుటకు పొడవైన పంక్తి ఉన్నదా? చందా ఏ నెలనుండి ఏ నెలవరకో వ్రాయుటకు గడి ఉన్నదా? గ్రంథాలయము తెరచు వేళలు అందు కనబడుచున్నవా? లేనిచో రాబోవు ఏటి రసీదు పుస్తకమును అచ్చునకు ఇయ్యకముందు ఒక సాయంకాలము కూర్చుండి కొలబద్దతో సరిదిద్దుడు. ఇరువదియారవ సంవత్సరపు మొదటి రసీదు పొందికగా వెలువడినచో, ఈ రజతోత్సవము ప్రతి సభ్యుని యింటికిని ఒక చిన్న కాగితమై చేరినట్లగును.